బంగళాలోని బట్టల యంత్రం

1964 ప్రాంతంలో మా అమ్మ మిషనరీ బంగళాలో దొరసానిగారి బట్టలు ఉతికేది. అక్కడ ఒక యంత్రం ఉండేది. నాలుగు కాళ్లు, పలకల తొట్టి, పైన చెరకు గానుగలా రెండు రబ్బరు రోలర్లు. తడి దుప్పటి వాటి మధ్య పెడితే నీళ్లన్నీ కారిపోయి అట్టలా బయటికి వచ్చేది. పిల్లలం కిటికీలోంచి చూసేవాళ్లం.

అది కరెంటుదని తమ్ముడు అంటాడు. అప్పటికి ఆ ఊళ్లో కరెంటు ఎక్కడిదని నేను. చిన్న సంగతే గాని, అమ్మకు జ్ఞాపకం తగ్గిపోతున్న ఈ రోజుల్లో, ఆమె ఏ యంత్రం దగ్గర కష్టపడిందో తెలుసుకోవాలనిపించింది.

పోతపోసిన పలకల అల్యూమినియం తొట్టి మేట్యాగ్ వారి గురుతు. అమెరికాలో అయోవా రాష్ట్రం, న్యూటన్ పట్టణంలో ఆ కంపెనీ ఉండేది. ఇలా రోలర్లతో పిండే రకాన్ని 1983లో మానివేశారు. కరెంటు లేని పల్లె ఇళ్ల కోసం 1914 నుండే పెట్రోలు ఇంజనుతోనూ యంత్రాలు చేశారు. ఇంజను తొట్టి కింద ఉంటుంది. స్కూటరులాగా కాలితో తన్ని స్టార్టు చేయాలి.

మొన్న అమ్మను అడిగాను. "అమ్మా, బంగళాలో బట్టల యంత్రాన్ని ఎట్లా నడిపేదానివి?"

మాట్లాడలేదు. మంచం మీద కూర్చునే చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి, కుడికాలితో నేలను రెండుసార్లు గట్టిగా తొక్కింది.

"మూడోసారికి గాని అంటుకోదు" అంది. తర్వాత నా వైపు చూసి, "కొంగు దోపుకోవే, రోలర్లలో పడుతుంది" అంది.