తీరిక వేళల కాగితం పూలు

స్త్రీల పత్రికల చరిత్ర రాసేటప్పుడు సంపాదకీయాల్నీ, కథల్నీ, సంస్కరణ చర్చల్నీ లెక్కలోకి తీసుకుంటాం. చివరి పేజీల్లోని ముగ్గుల్నీ, అల్లికల్నీ, కాగితం పూలనీ వదిలేస్తాం. అవి ఆడదాన్ని ఇంటికి కట్టేసే సరుకన్న విమర్శలో నిజం ఉంది. అయినా మంగళగిరిలో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టిన నాకు ఆ పేజీలు అంత తేలిగ్గా తోసెయ్యదగ్గవిగా కనిపించవు.

ఆంధ్రప్రభ వారపత్రికలో 1952లో మాలతీ చందూర్ మొదలుపెట్టిన ‘ప్రమదావనం’ దశాబ్దాలపాటు నడిచింది. అలాంటి శీర్షికలు, ఇతర పత్రికల మహిళా పేజీలు చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ల చేతికి పత్రికనిచ్చాయి. మా అమ్మ ఐదో తరగతితో ఆగిపోయింది. అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చిన వారపత్రిక మా ఇంట్లో రెండు రోజులుండేది. పేజీ చింపడానికి వీల్లేదు. నూలు కట్టలకి చుట్టి వచ్చే కాగితం దాచి, దానిమీద పూరేకల ఆకారాలు దించుకునేది. క్రేప్ కాగితం, సన్నటి తీగ, ఉడికించిన మైదా ఉంటే చాలు. వీధిలో పెళ్లయితే పందిట్లో అమ్మ గులాబీలే. వాటికి డబ్బులిస్తామని ఎవరూ అనలేదు. అమ్మా అడగలేదు.

ఆ పేజీల్లో తరచు కనిపించే మాట ‘తీరిక వేళల్లో’. అమ్మకి తీరికెక్కడిది? తెల్లారకముందే రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టాలి. కండె అందకపోతే గుంటమగ్గంలో నాన్న చెయ్యి ఆగిపోతుంది. ఆసు పొయ్యడం, తెగిన పోగులు అతకడం, వంట, పిల్లలు సరేసరి. మజూరీ మాత్రం నాన్న చేతికొచ్చేది. అమ్మ చేసింది ‘సాయం’. పత్రిక ఆమె నైపుణ్యాన్ని కాలక్షేపమంది. మగ్గమున్న ఇల్లు ఆమె శ్రమని సాయమంది. ఏ పేరుతో పిలిచినా ధర కట్టక్కర్లేకుండా పోయింది.

2019-20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణన దేశంలో 35 లక్షల పైచిలుకు చేనేత కార్మికులున్నారని చెప్పింది. వారిలో నూటికి 70 మందికి పైగా స్త్రీలే. కండెలు చుట్టేవాళ్లు అందులో ‘అనుబంధ కార్మికులు’. లెక్కలోకి రావడం మేలే. కానీ కండె లేకుండా నడవని మగ్గానికి కండె చుట్టే మనిషి అనుబంధమెలా అవుతుంది?

రొజికా పార్కర్ ‘ది సబ్‌వర్సివ్ స్టిచ్’ (1984)లో ఇంగ్లండు స్త్రీల కుట్టుపని గురించి రాస్తూ, అది స్త్రీలకి అణకువ నేర్పిన సాధనమే కాదు, ఆ అణకువని ధిక్కరించే సాధనం కూడా అయిందని చూపించింది. మన పత్రికల్లో నాకు ఆ రెండో ముఖం కనిపించేది పాఠకురాళ్లు పంపిన ముగ్గుల కింద. అక్కడ పంపినామె పేరు, ఊరి పేరు ఉండేవి. కథ రాయని, సభ ఎక్కని స్త్రీ పేరు అచ్చులో కనిపించిన చోటు అది. నిజాం అంచు మంగళగిరి చీరమీద కండె చుట్టినామె పేరు ఎక్కడా ఉండదు.

గ్రంథాలయాల్లో పాత సంచికలు తిరగేసేవాళ్లు రచయిత్రుల జాబితాతోపాటు ఆ ముగ్గుల కింది పేర్లనీ, ఊళ్లనీ రాసుకుంటే బాగుంటుంది. అలాగే మగ్గాల ఇళ్లలో కండెకీ, ఆసుకీ మజూరీ విడిగా కట్టి, ఆ పని చేసినామె చేతికే ఇవ్వాలని అడగాలి. ఆ పేర్లూ, ఈ మజూరీ ఒకే లెక్కలోవి.