మన గోడవార పూసింది బ్రహ్మకమలమేనా?



పంపు దగ్గర గోడవార ఉన్న మొక్కకు మొన్న జూలైలో ఏడు పూలు పూశాయని, దానికి పూజ చెయ్యాలా వద్దా అని మీలో మీకు వాదన వచ్చిందని విన్నాను. ఆ మొక్క నాటిన బ్యాచ్ మాది కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

మేము ఎనిమిదో తరగతిలో ఉండగా మైలవరంలో ఒకరింట్లో బ్రహ్మకమలం పూసిందని జనం గుంపులుగా వెళ్లారు. మమ్మల్ని గేటు దగ్గరే ఆపేశారు. "అదృష్టవంతుల ఇంట్లోనే పూస్తుందిరా అది" అన్నారు. ఎందుకు ఆపారో మీకు వివరించనక్కరలేదు. ఆ ఇంట్లో పనిచేసే అక్క మర్నాడు ఒక ఆకు తుంచి మాకు తెచ్చిచ్చింది. గోడవార గుచ్చాం. మూడో ఏడు పూసింది. అప్పటికి మా టెన్త్ అయిపోయింది.

డిగ్రీలో బాటనీ చదివాక దాని అసలు పేరు తెలిసింది: ఎపిఫిల్లం ఆక్సిపెటాలం. పుట్టిల్లు మెక్సికో వైపు. మన బ్రహ్మజెముడుకు చుట్టం! ఆకు అంచున పువ్వు రావడం ఇంకెక్కడైనా చూశారా? మనం ఆకు అనుకునేది నిజానికి కాండం. అందుకే దాని అంచున మొగ్గ వస్తుంది, ముక్క గుచ్చితే బతుకుతుంది. రాత్రి విచ్చి తెల్లారేసరికి వాడిపోతుంది.

అసలు బ్రహ్మకమలం సాసూరియా ఆబ్వల్లాటా. అది చామంతి కుటుంబం. హిమాలయాల్లో దాదాపు 3,700 మీటర్ల పైన, రాళ్ల మధ్య పెరుగుతుంది. మన కొండపల్లి కొండల మీద బతికే మొక్క కాదు. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. 1982లో మన తపాలా శాఖ దాని బొమ్మతో స్టాంపు కూడా వేసింది. పైకి కనిపించే లేత పసుపుపచ్చ రేకులు కాగితంలా పల్చగా ఉంటాయి. అవి రేకులు కావు, ఒక రకం ఆకులు. చలి నుంచి, వాన నుంచి లోపలి పూలను కాపాడతాయి. లోపల ఊదారంగులో చిన్న చిన్న పూలు గుత్తులుగా ఉంటాయి. చామంతి కుటుంబానికి అదే గుర్తు. కావాలంటే ఒక బంతిపువ్వు విప్పి చూడండి, ఒక్కో రేకు అడుగున ఒక్కో విత్తనం ఉంటుంది. అంటే ఒక్కో రేకూ ఒక పువ్వే. మన మొక్క పువ్వును విప్పితే అలా కనిపించదు.

కేదార్‌నాథ్, బద్రీనాథ్ గుళ్లలో పూజకు ఆ పూలు వాడతారు. విపరీతంగా కోయడం వల్ల అవి కొండల మీద తగ్గిపోతున్నాయి. మన మొక్కకు ఆ బెంగ లేదు.

పూజ సంగతి మీ ఇష్టం. బాలికల హాస్టల్ వాళ్లు ఆకులు అడిగారట. నాలుగు తుంచి, రెండు రోజులు నీడన ఆరబెట్టి పంపండి. నీళ్లు నిలవని చోట గుచ్చమనండి.