అమ్మ విన్న పేరు

1985. హంగరీ నుంచి అమెరికా బయల్దేరిందో చిన్న కుటుంబం. భార్య, భర్త, రెండేళ్ల పాప. పాప ఎలుగుబంటి బొమ్మలో దాచి కుట్టిన 900 పౌండ్లే వాళ్ల ఆస్తి. కారు అమ్మగా వచ్చిన డబ్బది. ఆ తల్లి పేరు కాటలిన్ కరికో.

ఆమె ధ్యాసంతా ఆర్‌ఎన్‌ఏ మీదే. మన కణంలో ప్రొటీను తయారీ ఓ పెళ్లివంట లాంటిది. డీఎన్‌ఏ పెట్టెలో దాచిన పెద్ద పుస్తకం. అందులోంచి కావాల్సినంత రాసి తెచ్చే చీటీ మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ. వంటవాడు రైబోజోమ్. చీటీని మూడేసి అక్షరాల చొప్పున చదువుతాడు. ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏలు ఒక్కో అమైనో ఆమ్లాన్నీ మోసుకొస్తాయి. తమ మూడక్షరాలు చీటీతో జత కుదిరితేనే సరుకు దించుతాయి. వాటిని వరసగా ముడివేసేది రైబోజోమ్‌లోని ఆర్‌ఎన్‌ఏ. పని అయ్యాక చీటీ చిరిగిపోతుంది.

మరి ఆ చీటీని బయట రాసి కణానికిస్తే? కావాల్సిన ప్రొటీనును అదే వండుకుంటుంది కదా! కరికో ఆలోచన ఇదే. ఎవరూ నమ్మలేదు. నిధులు రాలేదు. 1995లో విశ్వవిద్యాలయం ఆమె హోదా తగ్గించింది. అయినా ప్రయోగశాల వదల్లేదు.

1997లో జిరాక్స్ మిషన్ దగ్గర డ్రూ వెయిస్‌మన్ పరిచయమయ్యారు. ఇద్దరూ కలిసి పని మొదలుపెడితే కొత్త చిక్కు. బయట రాసిన చీటీని చూడగానే రోగనిరోధక వ్యవస్థ శత్రువనుకుని మండిపడేది. విచిత్రంగా, క్షీరదాల ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏని మాత్రం ఏమీ అనేది కాదు. ఎందుకని? దాని అక్షరాల్లో చాలావాటికి చిన్న చిన్న రసాయన మార్పులున్నాయి... ఇంటి మనిషని తెలిపే గుర్తుల్లా!

ఆ కిటుకునే చీటీకీ వాడారు. యూరిడిన్ స్థానంలో సూడోయూరిడిన్ పెట్టారు. మంట చల్లారింది. 2005లో ఫలితాలు ప్రచురిస్తే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2008కల్లా మరో సంగతి తేలింది. ఆ మార్పుతో ప్రొటీను కూడా ఎక్కువగా తయారవుతోంది! 2020లో వచ్చిన ఎంఆర్‌ఎన్‌ఏ కొవిడ్ టీకాలకు పునాది ఇదే.

హంగరీలో కరికో తల్లి ఏటా నోబెల్ ప్రకటనలు చెవులు రిక్కించి వినేది, కూతురి పేరు చెబుతారేమోనని. ‘నేను ప్రొఫెసర్ని కూడా కాదు కదమ్మా’ అని నవ్వేసేది కూతురు. 2018లో ఆ తల్లి కన్నుమూసింది.

2023 అక్టోబరులో వెయిస్‌మన్‌తో పాటు ఆ పేరు ప్రపంచమంతా వింది. అమ్మ మాత్రం అయిదేళ్ల ముందే, మనసులో ఎన్నోసార్లు వినేసింది.