గూడబాతు సంచిలో ఏముంది?

సూళ్ళూరుపేట నుంచి నాయుడుపేట వెళ్ళే దారిలో దొరవారిసత్రం వస్తుంది. దానికి దగ్గర్లోనే నేలపట్టు. ఏటా చలికాలంలో అక్కడి చెరువులో నీళ్ళ మధ్య నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుతాయి. ఆ చుట్టుపక్కల ఒక ప్రాథమిక పాఠశాలలో పాఠం చూడాలని జనవరిలో వెళ్ళాను.

రెండు, మూడు తరగతుల పిల్లలు నేల మీద గుండ్రంగా కూర్చున్నారు. గూడబాతు గురించి టీచరమ్మే రాసిన పేజీని వేలు పెట్టి చదివారు. తర్వాత ఆమె వాక్యాల చీటీలు పంచి, మూడు అట్టపెట్టెలు ముందు పెట్టారు. వాటి మీద ‘అవును’, ‘నాకనిపించింది’, ‘చూసి చెబుదాం’ అని రాసుంది.

‘గూడబాతు చాలా అందంగా ఉంటుంది’ అన్న చీటీ దగ్గరే తగాదా మొదలైంది. ముక్కు నిండా మచ్చలుంటే అందమేంటని ఒక పిల్లాడు. ఆ మచ్చలే బాగుంటాయని పక్కనున్న పిల్ల. “మచ్చలున్నాయా, లేవా?” అని టీచరమ్మ అడిగారు. “ఉండాయి మేడం!” ఇద్దరూ ఒక్కసారే అన్నారు. ‘ముక్కు మీద మచ్చలుంటాయి’ అని కొత్త చీటీ రాసి ‘అవును’లో వేశారు. అందం రెండో పెట్టెలోకి పోయింది.

‘గూడబాతు సంచిలో చేపలు దాచుకుని గూటికి తీసుకెళ్తుంది’ అన్నదాన్ని మాత్రం అందరూ ‘అవును’లోనే వేయబోయారు. తల్లి నోట్లో పిల్ల తలపెట్టి తినడం తాను చూశానని ఒక పాప గట్టిగా చెప్పింది.

“సంచిలో చేపని చూశావామ్మా, పిల్ల తల పెట్టడం చూశావా?”

పాప చాలాసేపు ఆలోచించింది. “తల పెట్టడమే మేడం.”

చీటీ ‘చూసి చెబుదాం’లోకి వెళ్ళింది. అప్పుడు టీచరమ్మ తన దగ్గరున్న పుస్తకం తెరిచారు. ముక్కు కింద ఉండే ఆ సంచి చేపల్ని నీళ్ళతో సహా తోడుకునే వల. నీళ్ళు వంపేశాక పక్షి చేపని మింగేస్తుంది. పిల్లలకు పెట్టేటప్పుడు గొంతులోంచి మళ్ళీ పైకి తెస్తుంది. పాప చూసింది నిజమే, ఊహించుకున్నదే తప్పు. ఏడేళ్ళ పిల్ల ఆ రెంటినీ విడదీయడం కళ్ళారా చూశాను. ఈ పని పెద్దలం ఎంతమందిమి చేస్తాం?

ఈ పక్షులు సైబీరియా నుంచి వస్తాయని తాత చెప్పాడన్నాడు ఇంకో పిల్లాడు. ఊళ్ళో చాలామంది మాటే అది. టీచరమ్మ తాతను తక్కువ చేయలేదు. “తాతకెలా తెలిసిందో అడిగి రా నాయనా” అన్నారు. గూడబాతు దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షి. ఆ సంగతి వాడే కనుక్కోవాలని ఆమె ఉద్దేశం.

2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్, మూడో తరగతి ముగిసేసరికి పిల్లలు అర్థం చేసుకుంటూ చదవాలంటోంది. కథల్లో నక్క మాట్లాడితే ఎవరూ రుజువు అడగరు, అడగక్కర్లేదు కూడా. గూడబాతు పేజీని మాత్రం అడగాలి. ఆ అడగడం నేర్పకుండా అర్థం చేసుకోవడం పూర్తవుతుందని నేననుకోను.

పేజీ మీరే ఎందుకు రాసుకున్నారని అడిగాను. రెండో తరగతి పిల్లలు సొంతంగా చదవగలిగే పక్షుల పుస్తకం తెలుగులో తన చేతికి అందలేదన్నారు. వచ్చే వారం పాఠం చీమల మీద. ఆ పేజీ ఇంకా సగమే అయింది.