పర్ణశాల దాటాక

భద్రాచలం వెళ్ళేవాళ్ళు సాధారణంగా గోదావరిలో స్నానం చేసి, రాములవారిని దర్శించుకుని, తీరిక ఉంటే పర్ణశాల కూడా చూసి, ప్రసాదం పొట్లాలతో ఇంటిముఖం పడతారు. ఇరవై ఏళ్ళుగా నేనూ అదే చేస్తున్నాను. పర్ణశాలకు మళ్ళేచోట మళ్ళకుండా తిన్నగా పోతే ఏమొస్తుందని ఎన్నడూ ఎవరినీ అడగలేదు. చర్ల వస్తుంది. చర్ల దాటితే అడవి, అడవి దాటితే ఛత్తీస్‌గఢ్.

మొన్న వేసవిలో మా కాలేజీ జాతీయ సేవా పథకం పిల్లలను పన్నెండుమందిని వెంటబెట్టుకుని ఆ దారిన వెళ్ళవలసివచ్చింది. ఒక కోయగూడెంలో వారం రోజులు మకాం వేసి అక్కడివాళ్ళకు ఇంటర్నెట్టు వాడటం నేర్పాలి. నవ్వకండి. ఛందస్సూ అలంకారాలూ చెప్పుకునేవాడికి ఈ పని ఎలా తగులుకుందంటే, మా కంప్యూటరు లెక్చరరు ఇంట్లో పెళ్ళి. ప్రిన్సిపాలుగారి కంటికి ఆ సమయంలో నేను ఖాళీగా కనబడ్డాను. అంతే.

ఖమ్మం నుంచి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. కొత్తగూడెం, పాల్వంచ దాటి సారపాక చేరితే గోదావరి మీద వంతెన. 1965లో రాష్ట్రపతి రాధాకృష్ణన్‌గారు ప్రారంభించిన వంతెన అది. అంతకుముందు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పడవ తప్ప గతి లేదు. 1959 దాకా భద్రాచలం తూర్పుగోదావరి జిల్లాలో ఉండేది. తరువాత ఖమ్మంలో కలిసింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం అనే కొత్త జిల్లాలోకి వచ్చింది. జిల్లాలు మారినంత సులువుగా దారులు పడలేదని మాత్రం చర్ల దాటాక మా జీపు డ్రైవరు నడుము పట్టుకుని చెప్పాడు.

గూడెం పేరు చెప్పను. నలభై గడపలుంటాయి. వెదురు తడికల ఇళ్ళు, అలికిన వాకిళ్ళు, ఊరి ముందర వాగు, వెనక గుట్ట. గుట్ట మీద ఒక పెద్ద ఇప్పచెట్టు. ఆ చెట్టుకింద నిలబడి తూర్పువైపు తిరిగితేనే ఫోనుకు సిగ్నలు అందుతుంది. కొంచెం పడమటికి ఒరిగితే పోతుంది. కనుక మా బడి చెట్టుకిందే పెట్టుకోవలసివచ్చింది.

అది తునికాకు కాలం. ఆడవాళ్ళు చీకటితోనే అడవికి పోయి, ఎండ ముదిరే వేళకు ఆకు తెచ్చి, 50 ఆకులు ఒక కట్టగా కట్టి, కల్లంలో అప్పజెప్పి వచ్చేసరికి సాయంత్రం అయ్యేది. అప్పుడు చేతులు కడుక్కుని గుట్ట ఎక్కి వచ్చేవారు. మొదటినాడు పాతికమంది వచ్చారు. నేను ఉత్సాహంగా అంతర్జాలమంటే ఏమిటో, మన దేశంలో 1995 ఆగస్టు 15న అది సామాన్యులకు ఎలా అందుబాటులోకి వచ్చిందో, ఈమెయిలు ఎలా తెరవాలో గంటసేపు చెప్పాను. నా తెలుగు నాకే ముచ్చటగా తోచింది. రెండోనాడు వచ్చినవారు ఏడుగురు.

మాతో వచ్చిన కోయ విద్యార్థి ఒకడు నెమ్మదిగా అన్నాడు: "సార్, వీళ్ళు ఈమెయిలు ఎవరికి రాస్తారు సార్?"

సమాధానం చెప్పలేకపోయాను. నా చేతిలో ఉన్నది పాత పాఠ్యక్రమం. పల్లెల్లో కంప్యూటరు అక్షరాస్యత కోసం కేంద్రం 2017లో ఒక పథకం పెట్టింది. ఆరు కోట్ల ఇళ్ళలో ఇంటికొకరికి, 14 నుంచి 60 ఏళ్ళలోపు వాళ్ళకు, 20 గంటల చదువు. 2024 మార్చితో అది ముగిసింది. కోట్లమంది నేర్చుకున్నారు, కాదనను. కాని ఆ 20 గంటలూ వరుసలో మొదటి పేజీనుంచి చెప్పుకుపోతే ఈ ఇప్పచెట్టు కింద ఎవరూ మిగలరు. పుస్తకం సంచిలో పెట్టి, మీకేం కావాలో మీరే చెప్పండమ్మా అన్నాను.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒక ముసలామె కొంగు ముడి విప్పి, మాసిపోయిన చిన్న ఫోను తీసి నా ముందు పెట్టింది.

"ఆకు పైసలు పడ్డయో లేదో నాకు తెల్వాలె, సారూ. అంతే."

ఆకు డబ్బు ఆమె బ్యాంకు ఖాతాలో పడుతుంది. తీసుకోవాలంటే సంతలో వేలిముద్ర యంత్రం పెట్టుకున్న ఒక దుకాణానికి పోవాలి. పోయినేడు అక్కడివాడు వేలు ఒత్తించుకుని, ఇంకా పడలేదు పొమ్మన్నాడట. మరో సంతకు పోతే మళ్ళీ ఒత్తించుకుని, కొంత చేతిలో పెట్టాడట. రెండుసార్లు ఒత్తిన వేలికి ఒకసారే డబ్బు వచ్చిందేమని ఆమె అనుమానం. వాడిని అడిగితే ఫోనులో చూసుకోమన్నాడు. ఫోనులో బ్యాంకువారి కబుర్లు ఉన్నాయి, పది పన్నెండు. అన్నీ ఇంగ్లీషులో!

తెలుగు అక్షరాలే రాని మనిషికి ఇంగ్లీషు ఎలా చెప్పేది? ఆమెకు అంకెలు మాత్రం వచ్చు. నోట్లు లెక్కపెట్టి లెక్కపెట్టి నేర్చుకుంది. డబ్బు ఎంతో ఆమే చెప్పగలదు. వచ్చిందో పోయిందో చెప్పాలి, అంతే. వచ్చినదానికి క్రెడిటెడ్ అని, పోయినదానికి డెబిటెడ్ అని వేస్తారు. ఆ రెండు మాటల మొదటి అక్షరాలనూ నేను మట్టిలో పుల్లతో పెద్దగా గీసి, వీటిని గుర్తుపట్టాలి అన్నాను. ఆమె వంగి చూసింది. ఒకటి చూపించి "నెలవంక" అంది. రెండోది చూపించి "విల్లు" అంది. నిజమే, తిన్నగా నారి, వంపుగా బద్ద. తరువాత తనే అంది: విల్లు కనబడితే బాణం పోయినట్టేగా!

ఇరవై ఏళ్ళు పాఠాలు చెప్పాను గాని ఇంతటి ఉపమానం నాకు తట్టలేదు. మరుసటి సాయంత్రం ఆడవాళ్ళు ముప్ఫైమంది వచ్చారు, పిల్లలు కాక. ఫోను ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకరి భుజం మీదుగా ఒకరు వంగి, నెలవంకలనూ విల్లులనూ ఏరారు. ముసలామె ఫోనులో రెండు విల్లులు దొరికాయి, ఒక సంతకు ఒకటి చొప్పున. ఆమె ఏమీ అనలేదు. ఆ కబురు అలాగే ఉంచమని, చెరపవద్దని మా పిల్లవాడితో చెప్పింది.

ఓటీపీ దగ్గర నేను మళ్ళీ బోల్తాపడ్డాను. ఫోనుకు వచ్చే ఆ అంకెలు మీ ఇంటి తాళంచెవి వంటివి, ఎవరికీ ఇవ్వకూడదు అన్నాను. తడిక తలుపుల ఊరిలో తాళమెక్కడిది? అందరూ మర్యాదగా తల ఊపారు. జీలుగు కల్లు దించే యువకుడొకడు మాత్రం ఆలోచించి, "మోకు లాగనా, సారూ?" అన్నాడు. మోకు పట్టుకున్నవాడే చెట్టెక్కుతాడు. లొట్టి వాడి చేతికే వస్తుంది. ఎంత కావలసినవాడైనా తన మోకు ఇవ్వడట. ఆ తరువాత ఆ మాట నేను వివరించనక్కరలేకపోయింది. నా వంతు పిల్లలకు వంట చూడటమే.

ఇంకొక ముచ్చట. చదవలేనివారు నోటితో అడిగినా ఫోను వెదికి పెడుతుందని మా పిల్లలు మైకు గుర్తు చూపించారు. ఒక చిన్నపిల్ల ముందుకు వచ్చి "ఏరు" అంది. ఫోను నిండా నదులూ వాగులూ! అందరూ పకపకా నవ్వారు. కోయమాటలో ఏరంటే నీళ్ళు. ఆ పిల్లకు దాహమై అడిగిందో, సరదాకు అడిగిందో తెలియదు. మన ఏరూ వాళ్ళ ఏరూ అక్కచెల్లెళ్ళే. కోయ కూడా ద్రావిడభాషే, గోండికి దగ్గరిది. తరగతిలో ఎన్నోసార్లు బల్ల గుద్ది చెప్పాను ఈ సంగతి. కాని ఆ ఫోనుకు తెలుగు వచ్చు, కోయ రాదు. నవ్వు ఆగాక ఆ పిల్ల ఫోను వైపు అనుమానంగా చూసి, ఇక దానితో మాట్లాడలేదు.

అయిదోనాడు గాలివాన కొట్టి సిగ్నలు పూర్తిగా పోయింది. మా పిల్లలు దిగాలుపడ్డారు. గూడెంవాళ్ళు పడలేదు. వానకాలంలో వాగు పొంగితే తమ గూడెం లంక అయిపోతుందనీ, 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు రోజుల తరబడి ఎవరి కబురూ అందలేదనీ చెప్పారు. అదే ఏడాది జనవరిలో పసిఫిక్ సముద్రంలో టోంగా అనే దీవుల దేశంలో ఏం జరిగిందో నేను చెప్పాను. సముద్రంలో అగ్నిపర్వతం పేలి, అడుగున వేసిన ఒకే ఒక్క తీగ తెగిపోయింది. పెద్ద దీవికి అది తిరిగి అతకడానికి అయిదు వారాలు పట్టింది. బయటి దీవులకు ఏడాది పైన. ముసలామె శ్రద్ధగా విని, "వాళ్ళకు గుట్ట లేదా?" అని అడిగింది.

ఏడోనాడు తిరిగి వచ్చేశాము. వాగు దాకా సాగనంపి, తలా ఒక దొన్నెడు ఎండు ఇప్పపూవు ఇచ్చారు.

జూలైలో ఒక సాయంత్రం, జవాబుపత్రాలు దిద్దుతూ ఉండగా నా ఫోనుకు మాట ఒకటి వచ్చింది, రాసినది కాదు, పలికినది. మనుమరాలి ఫోను కాబోలు. వెనక హోరుమని చప్పుడు. "సారూ, నెలవంక వచ్చింది," అని, ఎంత వచ్చిందో అంకె అంకెగా చెప్పింది. ఆ తరువాతదంతా కోయ. మరునాడు మా విద్యార్థికి వినిపించి అర్థమడిగాను. వాడు విని నవ్వాడు.

"గుట్ట మీద వాన పడుతున్నదట సార్. ఫోను తడుస్తున్నదట, దిగిపోతానంటోంది."