పురుగుమందు డబ్బా మీది రంగు ఏం చెబుతుంది?

"ఎర్ర డబ్బా కాదండీ డాక్టరుగారూ, పసుపుదే. పెద్ద ప్రమాదం లేదనుకుని తెల్లారేదాకా చూశాం."

ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. జగ్గయ్యపేట, నందిగామల్లో పురుగుమందుల కొట్టు లేని బజారు ఉండదు. పత్తి, మిరప పండే మెట్ట ఇది. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా అయినా మా నోటికి ఇప్పటికీ కృష్ణాజిల్లాయే. మా వైపు "మందు తాగాడు" అంటే రెండర్థాలున్నాయి. అందుకని క్యాజువాలిటీలో నర్సమ్మ అడిగే మొదటి ప్రశ్న "ఏ మందు?" అని. రెండో అర్థమైతే బంధువులు ముందుగా చెప్పేది డబ్బా రంగు. రంగు తెలుసుకున్నందుకు సంతోషమే. అయితే ఆ రంగుని బట్టి వాళ్లు తీసుకునే నిర్ణయాలు చూస్తేనే భయం వేస్తుంది. పసుపైతే ఆగుదామనుకుంటారు. ఎరుపైతే "ఇక లాభం లేదు, ఆస్పత్రి ఖర్చెందుకు" అనేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే. ఎందుకు తప్పో తెలియాలంటే ఆ రంగు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలి.

1958లో కేరళలో గోధుమపిండి తిని వందమందికి పైగా చనిపోయారు. ఓడలో పిండి బస్తాలతోపాటు వచ్చిన పారాథియాన్ అనే పురుగుమందు ఒలికి ఆ పిండిలో కలిసింది. ఆ ఘోరం తరవాత జరిగిన ఆలోచనల ఫలితమే 1968 నాటి పురుగుమందుల చట్టం, 1971 నాటి నియమాలు. ప్రతి డబ్బా మీదా ఏటవాలుగా నిలబెట్టిన చదరం ఒకటి ఉండాలన్నది ఆ నియమాల్లోనిదే. ఆ చదరం కింది సగంలో రంగు ఉంటుంది. పై సగంలో హెచ్చరిక ఉంటుంది. ఎరుపుకైతే పుర్రె, ఎముకల బొమ్మతో పాటు 'విషం' అన్న మాట. పసుపుకి బొమ్మ ఉండదు గాని మాట 'విషం' అనే. నీలానికి 'అపాయం', ఆకుపచ్చకి 'జాగ్రత్త'. పసుపు దగ్గర పుర్రె బొమ్మ లేకపోవడం చూసి చాలామంది ధైర్యం తెచ్చుకుంటారు. బొమ్మ లేదు గాని మాట మారలేదని గమనించండి.

ఈ రంగులు ఒక అంకెను బట్టి పడతాయి. దాన్ని ఎల్‌డి 50 అంటారు. ఒక పదార్థాన్ని నోటిద్వారా ఒక్కసారి ఇచ్చినప్పుడు, ప్రయోగంలో ఉన్న జంతువుల్లో సగం చనిపోవడానికి కావలసిన మోతాదు అది. శరీర బరువు కిలోకి ఇన్ని మిల్లీగ్రాములు అని చెబుతారు. 50 వరకు ఎరుపు, 51 నుంచి 500 దాకా పసుపు, 501 నుంచి 5000 దాకా నీలం, ఆపైన ఆకుపచ్చ. అంకె ఎంత చిన్నదైతే విషం అంత పెద్దది. మన వంటింటి ఉప్పుకి ఎలుకల్లో ఈ అంకె సుమారు 3000. ఆ లెక్కన ఉప్పు డబ్బాకి నీలం రంగు వెయ్యాలి! నవ్వుకోండి గాని, మోతాదు మించితే విషం కానిది లేదని 16వ శతాబ్దంలోనే పారాసెల్సస్ అనే వైద్యుడు చెప్పాడు.

ఈ పద్ధతిని 1927లో ట్రెవాన్ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించాడు. ఆయన దృష్టిలో ఉన్నవి పురుగుమందులు కావు, ఔషధాలు. డిజిటాలిస్ వంటి గుండెమందు ఒక తయారీకి మరో తయారీకి బలం మారిపోతుంటే, దాన్ని కొలవడానికి నమ్మకమైన గజంబద్ద కావలసివచ్చింది. అంటే పుట్టుకలోనే ఇది పదార్థాన్ని పదార్థంతో పోల్చే కొలత. రోగి బతుకుతాడా లేదా అని చెప్పే జాతకం కాదు. తరవాత ప్రపంచమంతా దీన్నే వాడింది. మొదట్లో ఒక్కో పరీక్షకి పదుల సంఖ్యలో ఎలుకలు బలయ్యేవి. అన్ని ప్రాణాలు తీసినా అంకె ఒక ప్రయోగశాలకీ ఇంకోదానికీ తేడాగానే వచ్చేది. చివరికి 2002లో ఆర్థిక సహకార దేశాల సంస్థ ఆ పాత పద్ధతిని తన నిబంధనల నుంచి తీసేసింది. ఇప్పుడు కొద్ది ఎలుకలతోనే మెట్లు మెట్లుగా చేస్తారు. రాత్రంతా పస్తుంచి, సన్నని గొట్టంతో మందు సరాసరి కడుపులోకి పోసి, 14 రోజులు కనిపెట్టి చూస్తారు.

ఈ 14 రోజుల సంగతి దయచేసి గుర్తుంచుకోండి. మొదటి రోజు బాగానే తిరిగిన ఎలుక వారం తరవాత చావవచ్చునని తెలుసు గనకనే అంత గడువు పెట్టారు. ఎలుకకి ఇచ్చిన ఆ గడువు మనం మనిషికి ఇవ్వడం లేదు.

పారాక్వాట్ అనే గడ్డిమందు తీసుకోండి. ఎలుకల్లో దాని అంకె 150 దగ్గర, అంటే పసుపు. కాని ఈ మందు విషయంలో మనిషి ఎలుక కంటే చాలా సున్నితం. ఎలుక లెక్క కట్టి చెప్పే మోతాదు కంటే ఎంతో తక్కువే ప్రాణం మీదికి తెస్తుంది. దీనికి విరుగుడూ లేదు. పైగా ఇది మోసం చేసే విషం. మొదటి రోజు వాంతులు, నోట్లో మంట. తరవాత రోగి లేచి కూర్చుంటాడు, మాట్లాడతాడు, కాఫీ అడుగుతాడు. లోపల మూత్రపిండాలు, ఆ తరవాత ఊపిరితిత్తులు దెబ్బతింటూ ఉంటాయి. పాతికేళ్ల రైతు ఒకర్ని ఆయన బంధువులు రెండో రోజున "మనిషి కులాసాగానే ఉన్నాడు కదా" అని నేను ఎంత చెప్పినా వినకుండా ఇంటికి తీసుకుపోయారు. ఎనిమిదో రోజున ఆయాసంతో తిరిగి వచ్చాడు. విజయవాడ పంపించాం. బతకలేదు.

ఎరుపు సంగతికి వద్దాం. ఎలుకకి అట్రోపిన్ ఇచ్చేవాడు లేడు. శ్వాస ఆగితే కృత్రిమశ్వాస పెట్టేవాడు లేడు. ఎల్‌డి 50 అన్నది చికిత్స లేని జంతువు మీద తీసిన లెక్క. మనిషికి చికిత్స ఉంది. ఏడేళ్ల పిల్లవాడొకడు, తల్లి మిరపకాయలు కోస్తుంటే గట్టుమీద ఉన్న కూల్‌డ్రింక్ సీసా ఎత్తి ఒక గుక్క తాగాడు. సీసా మీద చీటీ లేదు, రంగు లేదు, పేరు లేదు. పెద్ద డబ్బా కొని ఇద్దరు ముగ్గురు పంచుకునేటప్పుడు ఇలా వాడిపారేసిన సీసాల్లో పోసుకోవడం మా వైపు మామూలు. కంటిపాపలు సూదిమొనంత అయి, నోటివెంట చొంగ కారుతూ, ఒళ్లంతా చెమటతో వచ్చాడు. ఆ లక్షణాలు చూసి భాస్వర జాతి మందు అని పోల్చుకుని వెంటనే అట్రోపిన్ మొదలుపెట్టాం. సాయంత్రానికి తండ్రి అసలు డబ్బా వెతికి తెచ్చాడు. ఎర్రది. వాడు ఇప్పుడు కాలేజీలో చదువుకుంటున్నాడు. అరగంటలోపు తీసుకొచ్చారు, అదే వాణ్ణి బతికించింది.

ఒకే రంగులోని రెండు మందులైనా మనిషి దగ్గర ఒకేలా ఉండవు. శ్రీలంక ఆస్పత్రుల్లో జరిపి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, ఎలుకల అంకెలు ఇంచుమించు ఒకటిగా ఉన్న రెండు భాస్వర మందుల్లో ఒకటి తాగినవాళ్లు నూటికి 8 మంది, రెండోది తాగినవాళ్లు నూటికి 23 మంది చనిపోయారు. సీసాలో అసలు రసాయనం ఒక్కటే ఉండదు, దాన్ని కరిగించిన ద్రావకమూ ఉంటుంది. అదీ ఒంటికి పనిచేస్తుంది. వరంగల్ ఎం.జి.ఎం. ఆస్పత్రిలో 1997-2002 మధ్య పురుగుమందులతో చేరిన 8 వేల పైచిలుకు మందిలో నూటికి 22 మందికి పైగా చనిపోయారు. ఆ లెక్కనే తిప్పి చదివితే, నూటికి డెబ్భైమందికి పైగా బతికారు. 'లాభం లేదు' అనేవాళ్లు ఆ రెండో సగం చదవాలి.

మరి రంగు దేనికి? మూత తీయకముందు చూసుకోవడానికి. ఏది కొనాలి, ఎక్కడ దాచాలి, పిచికారీ చేసేటప్పుడు చేతికి, ముక్కుకి ఎంత రక్షణ కావాలి అన్నవి నిర్ణయించుకోవడానికి అది చాలా ఉపయోగం. అదే మందు చర్మం గుండా కూడా ఎక్కుతుంది కనక తడిసిన చొక్కాతో సాయంత్రం దాకా ఉండిపోవడం మంచిది కాదు. మందు కడుపులోకి పోయిన తరవాత మాత్రం ఏ రంగైనా ఆస్పత్రికే.

ఇంటి దగ్గర చేయవలసింది కొంచెమే. 108కి ఫోను చేయండి. ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు, చింతపండు రసం, పేడనీళ్లు పోసి కక్కించకండి. చాలా మందులు కిరోసిన్ వంటి ద్రావకంలో ఉంటాయి, కక్కేటప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి పోతే రెండో ప్రమాదం. మందు పడిన బట్టలు విప్పి ఒళ్లు సబ్బుతో కడగండి, మీ చేతులకి ప్లాస్టిక్ సంచులైనా తొడుక్కుని. మగతగా ఉంటే ఎడమవైపు తిప్పి పడుకోబెట్టండి. డబ్బా, అందులో మడిచి పెట్టిన కాగితం రెండూ కవరులో వేసి తీసుకురండి. మందు పేరు, విరుగుడు పేరు వాటి మీద ఉంటాయి. రంగు కంటే వైద్యుడికి అవే ముఖ్యం. ఎప్పుడు తాగారో గడియారం ప్రకారం చెప్పండి. కాస్త తేరుకున్నాక రెండో రోజో మూడో రోజో రోగి తలగడ మీంచి తల ఎత్తలేకపోతున్నాడంటే వెంటనే నర్సుని పిలవండి. భాస్వర మందుల్లో శ్వాస కండరాలు బలహీనపడబోతున్నాయనడానికి అది తొలి గుర్తు.

పోలీసు కేసుకి జడిసి ఆలస్యం చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. "పొరపాటున నోట్లో పడిందండీ" అని మందు పేరే దాచిపెడతారు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అలా ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలి, శిక్షించకూడదు. 2024 జూలైలో అమల్లోకి వచ్చిన కొత్త న్యాయసంహితలో పాత 309వ సెక్షన్ లేనేలేదు. ఆస్పత్రివాళ్లు పోలీసు స్టేషనుకి కబురు పంపడం మామూలు పద్ధతి, చికిత్స దానికోసం ఆగదు. మనసు బాగాలేనివాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు 14416 నంబరుకి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇంట్లో అలాంటివాళ్లు ఉన్న కొన్నాళ్లూ డబ్బాలు ఇంటి చూరులోనో మంచం కిందో పెట్టక, తాళం వేసిన పెట్టెలో పెట్టి తాళం ఇంకొకరి దగ్గర ఉంచండి.