కొత్తగా గుర్రపుశాల పెట్టేవారికి నాలుగు మాటలు

మీ చేతిలో ఫోన్ ఉంటే మీరూ ఒక గుర్రపుశాలకు యజమాని కావచ్చు. నేను మారిషస్‌లో పుట్టిన తెలుగువాడిని. పని కోసం ఖతార్ వచ్చి దోహాలో ఉంటున్నాను. ఇంటి దగ్గర పదిహేనేళ్ళ మేనల్లుడు ఉన్నాడు. ఇక్కడ శుక్రవారం సెలవు. ఆ రోజు ఇద్దరం ఫోన్‌లో మాట్లాడుకుంటూ గుర్రప్పందాల ఆట ఆడతాం. షరతు ఒక్కటే. ఆట గురించి తెలుగులోనే మాట్లాడాలి. వాడికి చెప్పినవే మీకూ చెబుతాను.

ఈ రకం ఆటలో గుర్రం ఎక్కడం తక్కువ, శాల నడపడం ఎక్కువ. మీరు గుర్రాలను కొంటారు, మేపుతారు, పరుగు నేర్పిస్తారు, పందేనికి పంపుతారు. జపాన్‌లో 1991లో వచ్చిన ‘డెర్బీ స్టాలియన్’, 1993లో వచ్చిన ‘విన్నింగ్ పోస్ట్’ ఇలాంటి ఆటలే. ఇప్పటి ఆటల పేర్లు వేరైనా లెక్క దాదాపు అదే.

ముందు కొన్ని మాటలు నేర్చుకోండి. గుర్రం తినేది దాణా. మన పెద్దల ఊళ్ళలో గుర్రాలకు ఉలవలు ఉడికించి పెట్టేవారు. వాటిని గుగ్గిళ్ళు అంటారు. వీపు మీద వేసేది జీను. నోటికి తగిలించేది కళ్ళెం. చేత్తో పట్టుకునేవి పగ్గాలు. డెక్క కింద కొట్టేది లాడం. “ఇంటి పగ్గాలు అమ్మ చేతిలో ఉన్నాయి” అంటే ఇల్లు నడిపేది అమ్మ అని అర్థం. గుర్రం లేని ఇంట్లో కూడా గుర్రం మాటలు ఉన్నాయి, చూశారా!

మొదటి మాట డబ్బు గురించి. ఉన్నదంతా ఒక్క గుర్రం మీద పెట్టకండి. కొనే ఖర్చు ఒక్కరోజుది, మేపే ఖర్చు రోజూ ఉండేది. “గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు” అని సామెత. కొన్ని నెలల దాణా ఖర్చు పక్కన పెట్టాకే కొత్త గుర్రం వైపు చూడండి. ఆటలో నాణేలు అయిపోతే కొన్ని ఆటలు అసలు డబ్బు అడుగుతాయి. అక్కడ ఆగండి. చిన్న పందేలు గెలిచి మళ్ళీ కూడబెట్టుకోవచ్చు.

రెండో మాట: తక్కువ ధర గుర్రాన్ని చిన్నచూపు చూడకండి. ట్రెవ్ అనే ఆడగుర్రం సంగతి వినండి. 2011లో ఫ్రాన్స్‌లో దాన్ని వేలానికి పెట్టారు. పాట 22,000 యూరోల దగ్గర ఆగిపోయింది. అనుకున్న ధర రాక, పెంచినవాళ్ళే ఉంచుకున్నారు. 2013లో అది ఒక పెద్ద పందెం గెలిచింది. అప్పుడు ఖతార్ రాజకుటుంబానికి చెందిన షేక్ జొఆన్ అల్ థానీ దాన్ని కొన్నారు. అదే ఏడాది అక్టోబరులో పారిస్‌లో ఆర్క్ ద త్రియోంఫ్ పందెం గెలిచింది. 2008 నుంచి ఆ పందేనికి ఖతారే స్పాన్సర్.

మూడో మాట: ఏ గుర్రం ఏ దూరానికి, ఏ నేలకు పనికొస్తుందో చూడండి. దోహా పక్కనే అల్ రయ్యాన్ పందేల మైదానం ఉంది. అక్కడ పచ్చిక బాట ఉంది, మట్టి బాట కూడా ఉంది. అరబ్బీ గుర్రాలకు, థరోబ్రెడ్ గుర్రాలకు వేరువేరు పందేలు పెడతారు. ఫిబ్రవరిలో జరిగే అమీర్ ట్రోఫీ పచ్చిక మీద 2,400 మీటర్ల పరుగు. 1,200 మీటర్లు మెరుపులా ఉరికే గుర్రాన్ని అందులోకి దింపితే సగం దారిలోనే డస్సిపోతుంది. మీ ఆటలో కూడా గుర్రం వివరాల్లో ఇవి రాసి ఉంటాయి. చదవకుండా పందేనికి పంపకండి.

నాలుగో మాట విశ్రాంతి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. చాలా ఆటల్లో ప్రతి గుర్రం పక్కనా అలసట చూపించే గీత ఒకటి ఉంటుంది. కొత్తవాళ్ళు బహుమతి డబ్బు చూస్తారు, ఆ గీత చూడరు. ట్రెవ్‌కు 2014లో వెన్నునొప్పి, పాదాల బాధ వచ్చాయి. జూన్‌లో ఓడిపోయాక సెప్టెంబరు దాకా దాన్ని పందేనికి దింపలేదు. సెప్టెంబరులోనూ గెలవలేదు. అయినా ట్రైనర్ క్రికెత్ హెడ్-మారెక్ ఓపిక పట్టారు. అక్టోబరులో అది మళ్ళీ ఆర్క్ గెలిచింది.

మా భవనంలో జగిత్యాల తమ్ముడు ఒకడు ఉంటాడు. ఒక గుర్రపుశాలలో సైసు. సైసు అంటే గుర్రాన్ని చూసుకునే మనిషి. గుర్రం అలసిందని ఎలా తెలుస్తుందని అడిగాను. “అన్నా, గుర్రం నోరు తెరిచి చెప్పదు గదా. దాణా ముట్టకపోతే పాణం బాగలేనట్టే. గప్పుడు నిమ్మళంగ ఉండనియ్యాలె” అన్నాడు. నిమ్మళం అంటే తొందర లేని హాయి.

ఇక్కడ పందేలు చలికాలం చుట్టూ జరుగుతాయి, ఎండాకాలంలో ఉండవు. దోహా పక్కనే ఉన్న అల్ షఖబ్ అశ్వశాలలో గుర్రాలకు ఏసీ గదులు, ఈతకొలను ఉన్నాయి. మనుషులకూ ఒక నియమం ఉంది. 2021 నుంచి ఏటా జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 దాకా, పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఎండలో ఆరుబయట పని చేయించకూడదు. మంచి నియమమే. కానీ మా తమ్ముడు ఇంటికి వెళ్ళే సెలవు రెండుసార్లు వాయిదా పడింది. ఏ గుర్రానికి ఎన్ని రోజుల విశ్రాంతి కావాలో అతడు వేళ్ళ మీద చెబుతాడు. తన కూతుర్ని చూసి ఎన్నాళ్ళయిందో కూడా అలాగే చెబుతాడు.

అతడి మాట వింటే నాకు మన ముత్తాతలు గుర్తొస్తారు. మారిషస్ చెరకు తోటల్లో ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. దాన్ని డబుల్ కట్ అనేవారు. వాళ్ళ పేర్ల పక్కన రోజులు రాశారు, కూలి రాశారు. అలసట గీత మాత్రం ఎవరూ గీయలేదు. అందుకే మనం ఆ గీతను, ఆటలో అయినా సరే, చూడకుండా దాటిపోకూడదని నా మాట.

పోయిన నెల మేనల్లుడి గుర్రానికి పెద్ద పందెంలో చోటు దొరికింది. కానీ గీత ఎర్రగా ఉంది. “మావయ్యా, దానికి సెలవు ఇచ్చాను. వచ్చే వారం చూద్దాం” అన్నాడు. ఆ రెండు వాక్యాలూ ఎక్కడా తడబడకుండా తెలుగులోనే చెప్పాడు. జగిత్యాల తమ్ముడికి చెబితే నవ్వి, “మంచి యజమాని” అన్నాడు. అతడి టికెట్ ఈసారి ఆగస్టుకు అన్నారు. ఎదురు చూస్తున్నాం.

మీరూ మొదలుపెట్టండి. గుర్రానికి తెలుగు పేరు పెట్టండి. మా వాడి గుర్రం పేరు మెరుపు. నా గుర్రం పేరు నిమ్మళం. ఇంతవరకు రెండే పందేలు గెలిచింది. దాణా మాత్రం బాగా తింటోంది.